స్లీవ్ మాత్రమే చేస్కుంటానని వచ్చిన పేషెంట్: బరువు తగ్గే సర్జరీకి ముందు ప్రిపరేషన్ మీద ఒక కేస్ స్టడీ

నేను బెంగళూరులో ఒక బేరియాట్రిక్ (బరువు తగ్గే సర్జరీ) టీమ్‌లో డైటీషియన్‌ని. మారతహళ్ళి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి తెలుగువాళ్ళు చాలామందే వస్తారు, భాష తెలుసు కాబట్టి వాళ్ళ కౌన్సెలింగ్ పని కూడా ఎక్కువగా నాకే వస్తుంది. ఈ కేసు రాయడానికి కారణం ఏంటంటే, ముందే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ అనుభవాలు కొత్త పేషెంట్‌కి ఎప్పుడు పనికొస్తాయి, ఎప్పుడు దారి తప్పిస్తాయి అన్నది ఈ ఒక్క మనిషిలోనే రెండు వైపులా కనిపించింది. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా. గుర్తుపట్టే వివరాలు మార్చాను, మెడికల్ విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. ఇక్కడ ఆవిడ పేరు సుజాత అనుకుందాం.

నేపథ్యం

సుజాతకి నలభై దాటాయి. పుట్టింది రాయలసీమలో, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి సెటిల్ అయ్యారు. ప్రైవేట్ స్కూల్లో టీచర్. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఎత్తు 157 సెంటీమీటర్లు, మొదటిసారి వచ్చినప్పుడు బరువు 108 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క) 43.8. ఏడేళ్ళుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ మూడూ వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్ట్) 9.1 దగ్గరే ఉంది. బీపీ కూడా ఉంది. మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేస్కునేవారు, దాన్ని మందుల లిస్టులో చెప్పనేలేదు, ఎందుకంటే ఆవిడ లెక్కలో అది మందు కాదు, నొప్పి బిళ్ళ.

రెండో కాన్పు తర్వాత బరువు పెరగడం మొదలైంది. వాకింగ్, జిమ్, కీటో, మిల్లెట్లు అన్నీ చూశారు, ఒకసారి 11 కిలోలు తగ్గి ఏడాది తిరక్కుండా మొత్తం వెనక్కొచ్చింది. ఇది చెప్తున్నప్పుడు ఆవిడ గొంతులో సిగ్గు కనిపించింది, అందుకే మొదటి రోజే వివరంగా చెప్పాను, డైట్‌తో బరువు తగ్గినప్పుడు ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, శరీరం ఖర్చు పెట్టే కేలరీలు తగ్గిపోతాయి, పాత బరువుకి తిరిగి వెళ్ళడానికి శరీరమే లాగుతుంది, దీన్ని మీ మనసు బలహీనత అనుకోవద్దు అని. ఈ మాట ప్రతి పేషెంట్‌కీ చెప్పాలి అని నా గట్టి నమ్మకం. చెప్పకపోతే సర్జరీని కూడా ఇంకో పరీక్షలాగే చూస్తారు, ఏదైనా తేడా వస్తే మళ్ళీ తనదే తప్పనుకుని మా దగ్గరకి రావడం మానేస్తారు.

అర్హత విషయంలో డౌట్ లేదు. 2022లో ఏఎస్ఎంబీఎస్, ఐఎఫ్ఎస్ఓ అనే రెండు బేరియాట్రిక్ సర్జరీ సంఘాలు కలిసి ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం బీఎంఐ 35 దాటితే వేరే జబ్బులు లేకపోయినా సర్జరీ సిఫార్సు చేయొచ్చు, ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే ఆలోచించొచ్చు. అప్పటికి మన దగ్గర బరువు, షుగర్ తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ రాలేదు, అది వచ్చింది 2025 మార్చిలో. ఇప్పుడైతే ఆ దారి గురించి కూడా మొదటి రోజే మాట్లాడతాం.

ఏం సమస్యతో వచ్చారు

సుజాత సలహా కోసం రాలేదు, నిర్ణయంతో వచ్చారు. హైదరాబాద్‌లో ఉండే వాళ్ళ పిన్ని కూతురు స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం తీసేసి చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకుని ఏడాదిలో 35 కిలోలు తగ్గింది. "నాకూ అదే చెయ్యండి మేడమ్, వేరేది వద్దు, పేగులు మార్చే ఆపరేషన్ అసలే వద్దు" అన్నారు. ఇంకోపక్క ఫోన్ నిండా స్క్రీన్‌షాట్లు. జుట్టు మొత్తం ఊడిపోయిందని ఒకరు, కుట్టిన చోట లీక్ అయ్యి ఐసీయూలో ఉన్నానని ఒకరు, షుగర్ మాయమైపోయిందని ఒకరు, నాలుగేళ్ళకి మొత్తం బరువు తిరిగొచ్చిందని ఒకరు. పగలు పిన్ని కూతురి ఫొటోలు చూసి ధైర్యం తెచ్చుకోవడం, రాత్రి ఈ స్క్రీన్‌షాట్లు చదివి నిద్ర పోగొట్టుకోవడం. ఆవిడ అడిగే ప్రతి ప్రశ్నా ఒకేలా ఉండేది, "వాళ్ళకి ఇట్లా అయిందంట, నాకూ అవుతుందా?"

మా ఫీల్డ్‌లో చాలామంది దీనికి ఇచ్చే జవాబు "అవన్నీ చదవకండి, మమ్మల్ని అడగండి" అని. నేను ఆ దారిలో వెళ్ళలేదు. వద్దంటే ఆవిడ చదవడం మానరు, చదివినట్టు మాకు చెప్పడం మానేస్తారు అంతే. పైగా ఆ కథల్లో నిజమైన సమాచారం ఉంది, లీక్ నిజం, జుట్టు ఊడటం నిజం, బరువు తిరిగి రావడమూ నిజమే. ఆవిడకి లేనిదల్లా ఆ కథల్లో ఏది తన శరీరానికి వర్తిస్తుందో తేల్చుకునే పద్ధతి. అందుకే స్క్రీన్‌షాట్లు ఏవీ డిలీట్ చేయొద్దు, అన్నీ తీస్కురండి అన్నాను.

మొదట ఏం చేశాం, ఏది పని చేయలేదు

ముందు అందరికీ చేసేదే చేశాం, బుక్‌లెట్ ఇచ్చి, బొమ్మలు చూపించి ఒక క్లాసు. ఆవిడ అన్నిటికీ తలూపారు. చివర్లో "ఇప్పుడు మీరు మీ వారికి చెప్తున్నట్టు నాకు చెప్పండి, విటమిన్ మాత్రలు జీవితాంతం ఎందుకు వేస్కోవాలి?" అని అడిగితే "బలానికి" అన్నారు. పిల్లలకి రోజూ పాఠం చెప్పే మనిషి, తెలివికి లోటు లేదు. విషయం ఏంటంటే బుక్‌లెట్‌లో ఉన్నది ఎవరి కథా కాదు, ఆవిడ మనసంతా కథల్లో ఉంది, రెండూ కలవట్లేదు.

తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళ గ్రూప్ మీటింగ్‌కి పంపాం. ఇది ఉపయోగపడుతుందని బాగా ఆశపడ్డాం, కానీ ఆవిడ విషయంలో ఉల్టా అయింది. ఆ మీటింగ్‌కి వచ్చేవాళ్ళు ఎక్కువగా మొదటి ఏడాదిలో ఉన్నవాళ్ళు, బరువు దిగుతున్న సంతోషంలో ఉన్నవాళ్ళు. బరువు తిరిగి పెరిగినవాళ్ళు మొహం చూపించలేక రారు, అంటే అక్కడ వినిపించేది సగం కథే. మాటలన్నీ కిలోల చుట్టూనే, ఎన్ని నెలలు, ఎన్ని కిలోలు. సుజాత అక్కడి నుంచి ఆరు నెలల్లో 30 కిలోలు అనే టార్గెట్ పట్టుకొచ్చారు. ఇంకోటి, మీటింగ్ కన్నడ, ఇంగ్లిష్, హిందీ కలిపి నడుస్తుంది, ఆవిడకి అర్థమవుతుంది కానీ నలుగురిలో మలబద్ధకం గురించో, అత్తగారు ప్లేటులో ఇంకో ముద్ద వేస్తే ఏం చేయాలనో ఆ భాషల్లో నోరు తెరిచి అడగరు.

డైట్ దగ్గర కూడా అట్లాగే అయింది. సర్జరీకి ముందు దాదాపు రెండు వారాలు తక్కువ కేలరీల డైట్ పెడతాం, రోజుకి 800 నుంచి 1000 కేలరీలు, ప్రొటీన్ ఎక్కువ, పిండి పదార్థం తక్కువ. సర్జరీకి ముందే సన్నబడాలని కాదు. లావుగా ఉన్నవాళ్ళకి లివర్‌లో కొవ్వు పేరుకుని ఎడమ వైపు భాగం పొట్ట మీదకి పరుచుకుని ఉంటుంది, లాప్రోస్కోపీలో సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుని కింద పని చేయాలి, ఈ డైట్‌తో లివర్ చిన్నదై మెత్తబడితే ఆపరేషన్ సేఫ్‌గా జరుగుతుంది. ఎవరికి ఏది పడుతుందో తెలియాలని ముందుగా కొన్ని రోజులు ట్రయల్ వేయిస్తాం, మందులు ఫిజీషియన్ సర్దాకే. గ్లిమెపిరైడ్ అట్లాగే ఉంచితే షుగర్ పడిపోతుంది, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతూ పిండి పదార్థం బాగా తగ్గిస్తే షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపిస్తూ లోపల కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. అందుకని మొదటిది తగ్గించారు, రెండోది ఆపేశారు. సుజాత మాత్రం మూడో రోజుకే డైట్ వదిలేశారు. కారణం ఆకలి కాదు, డైట్‌లో ఇచ్చిన వెనిలా ఫ్లేవర్ ప్రొటీన్ షేక్. పూటపూటా తియ్యటి పాలు తాగి తాగి నోరు చచ్చిపోయి, రాత్రి వంటింట్లో నిలబడి కారప్పొడి కలుపుకుని అన్నం తినేశారు. అది ఆవిడే చెప్పారు, చెప్పగలిగారు అంటే నమ్మకం కుదిరినట్టే అనుకున్నాను.

మలుపు తిప్పిన స్క్రీన్‌షాట్

స్క్రీన్‌షాట్లు తెచ్చాక ఒక నోట్‌బుక్ పెట్టించాను. ఒక్కో కథకి ఒక్కో పేజీ. ఏ ఆపరేషన్ చేయించుకున్నారు, దానికి ముందు ఆ మనిషికి ఏ జబ్బులు ఉన్నాయి, ఆపరేషన్ అయిన ఎన్నాళ్ళకి ఈ మాట చెప్తున్నారు, రోజూ ఏం తింటున్నారు, చివర్లో "దీని నుంచి నా డాక్టర్‌ని నేనేం అడగాలి". టీచర్ కదా, గీతలు గీసి నీట్‌గా రాసుకొచ్చారు. రాస్తుంటే ఆవిడకే తెలిసిపోయింది, సగానికి పైగా కథల్లో అది స్లీవా బైపాసా (ఆవిడ వద్దన్న పేగులు మార్చే ఆపరేషన్) అన్న సంగతే లేదు. స్వీట్ తింటే చెమటలు పట్టి గుండె దడ వచ్చిందన్నది బైపాస్ అయినవాళ్ళకి ఎక్కువగా వచ్చే డంపింగ్, అంటే తీపి ఒక్కసారిగా పేగులోకి దిగడం. జుట్టు ఊడిందని భయపెట్టిన కథ నాలుగో నెలది, మూడు నుంచి ఆరు నెలల మధ్య ఊడటం మామూలే, ప్రొటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే చాలామందికి మళ్ళీ వస్తుంది. ఆ రాసినావిడ ఏడాది తర్వాత ఏం రాసిందో ఎవరూ స్క్రీన్‌షాట్ తీయలేదు.

అందులో ఒక పేజీ దగ్గర సుజాత ఆగిపోయారు. స్లీవ్ అయిన ఒకావిడ రాసింది, ఆపరేషన్ తర్వాత రాత్రిళ్ళు పడుకుంటే పులుపు గొంతులోకి వస్తోంది, వెల్లకిలా పడుకోలేకపోతున్నా, కూర్చునే నిద్రపోతున్నా అని. సుజాత అది చదివి "మేడమ్, ఇది నాకు ఇప్పుడే ఉంది కదా" అన్నారు.

అప్పటిదాకా మా ఫారమ్‌లో ఎసిడిటీ అన్నచోట ఆవిడ రాసింది "గ్యాస్ ట్రబుల్, అప్పుడప్పుడు". అడిగితే "గ్యాస్ ఎవరికి లేదు మేడమ్" అనేవారు. ఇప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఏళ్ళ తరబడి పొద్దున లేవగానే ఎసిడిటీ మాత్ర పాంటోప్రజోల్ వేస్కుంటున్నారు, రెండు దిళ్ళు లేకపోతే నిద్ర పట్టదు, రాత్రి పదిన్నరకి తిని పడుకుంటే దగ్గుతో మెలకువ వస్తుంది. ఎండోస్కోపీ మేం సర్జరీకి ముందు ఎట్లాగూ చేస్తాం, కానీ ఈ హిస్టరీ చేతిలో ఉంటే దాన్ని చూసే చూపు వేరే. రిపోర్ట్‌లో హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం), అన్నవాహిక కింది భాగంలో పుండ్లు, గ్రేడ్ సి, అంటే తీవ్రమైనవే. హెచ్ పైలోరీ (పొట్టలో పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) పాజిటివ్.

స్లీవ్‌లో పొట్టని నిలువునా కోసి దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, మిగిలేది సన్నటి గొట్టం, అందులో ఒత్తిడి ఎక్కువ ఉంటుంది కాబట్టి ముందే రిఫ్లక్స్ (యాసిడ్ పైకి తన్నడం) ఉన్నవాళ్ళకి అది ముదిరే అవకాశం ఎక్కువ. రూ-ఎన్-వై బైపాస్‌లో పైన 30 మిల్లీలీటర్లంత చిన్న సంచి మాత్రమే ఉంచి దానికి చిన్నపేగుని కలుపుతారు, యాసిడ్ తయారుచేసే పెద్ద భాగం తిండి దారి నుంచి తప్పుకుంటుంది. షుగర్ మీద కూడా బైపాస్ ప్రభావం గట్టిది. సర్జన్ బైపాసే సలహా ఇచ్చారు. దానివల్ల ఇంకో రెండు విషయాలు ముఖ్యం అయ్యాయి. మిగిలిపోయిన పెద్ద పొట్టలోకి తర్వాత మామూలు ఎండోస్కోపీతో వెళ్ళడం కుదరదు కాబట్టి హెచ్ పైలోరీని ముందే పూర్తిగా తీసేయాలి, 14 రోజుల కోర్సు, ఆ తర్వాత నాలుగు వారాలు ఆగి పోయిందో లేదో మళ్ళీ టెస్ట్. రెండోది ఆ నొప్పి బిళ్ళ. బైపాస్ తర్వాత డైక్లోఫెనాక్ లాంటివి వేస్కుంటే అతుకు దగ్గర అల్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఇప్పుడే ఆపేసి పారాసిటమాల్, ఫిజియోథెరపీకి మార్చాం.

సుజాతకి ఇది మింగుడు పడలేదు. "మా చెల్లెలికి స్లీవ్ బాగుంది కదా" అని అక్కడే నిలబడ్డారు. నేను వాదించలేదు, ఆ చెల్లెలి పేజీ కూడా నింపుకురమ్మన్నాను. ఫోన్ చేసి అడిగి రాసుకొచ్చారు, వయసు 29, షుగర్ లేదు, ఎసిడిటీ లేదు, ఎండోస్కోపీ నార్మల్. పక్క పేజీలో తన వివరాలు. రెండూ కాసేపు చూసి, "మాది ఒకటే వంశం గానీ ఒకటే కేసు కాదు" అని ఆవిడే అన్నారు. సర్జన్ దగ్గర అరగంట కూర్చుని తన ప్రశ్నలు తనే అడిగాక బైపాస్‌కి ఒప్పుకున్నారు.

ఎవరితో మాట్లాడించాలి

ఇప్పుడు ఆవిడకి కావాల్సింది గుంపు కాదు, తనలాంటి మనిషి. మా పాత పేషెంట్లలో ఇద్దరిని అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాక విడివిడిగా కలిపాను. ఒకావిడ దాదాపు అదే వయసు, షుగర్, బైపాస్ అయ్యి రెండేళ్ళు దాటింది, తెలుగిల్లు, ఉమ్మడి కుటుంబం. రెండో ఆవిడకి నాలుగేళ్ళు దాటింది, 12 కిలోలు తిరిగి పెరిగింది. రెండో ఆవిడ విషయంలో టీమ్‌లో తర్జనభర్జన జరిగింది, భయపెట్టి వెనక్కి పంపినట్టు అవుతుందేమో అన్నారు. నా వాదన ఏంటంటే, ఆ స్క్రీన్‌షాట్ ఆవిడ ఎప్పుడో చదివేశారు, కారణం తెలియని కథ పెట్టే భయం కంటే ఎదురుగా కూర్చున్న మనిషి కారణాలతో సహా చెప్తే భయం తగ్గుతుంది. ఇద్దరికీ నేను పెట్టిన షరతు ఒకటే, కిలోలు చెప్పొద్దు, మొదటి వారం, మూడో నెల, రెండో ఏడాది ఒక్కో రోజు ఎట్లా గడిచిందో చెప్పండి అని.

మొదటావిడ తను తినే స్టీల్ గిన్నె బ్యాగులో పెట్టుకొచ్చారు, పిల్లలకి ఉగ్గు పెట్టే సైజుది. అందులో సగం తినడానికి ఇరవై నిమిషాలు పడుతుందని చూపించారు. మూడో నెలలో ఆకలేసి గబగబా పెరుగన్నం మింగితే ముద్ద ఛాతీలో ఇరుక్కుని నోట్లోంచి నురగ నురగగా ఉమ్ము వచ్చిందని, ఒక పెళ్ళిలో మైసూర్ పాక్ రెండు ముక్కలు తిని చెమటలు పట్టి గంటసేపు పక్క గదిలో పడుకున్నానని చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు, "వాంతులై నీళ్ళు కూడా ఆగకపోతే పొద్దునదాకా చూద్దాంలే అనుకోవద్దు, వెంటనే ఫోన్ చెయ్యి." ఈ మాట మేమూ చెప్పాం, బుక్‌లెట్‌లోనూ ఉంది. సుజాత రాసుకున్నది మాత్రం ఆవిడ చెప్పాకే.

రెండో ఆవిడ అసలు దాచుకోలేదు. ఏడాదిన్నర తర్వాత బాగున్నాను కదా అని చెకప్‌లు మానేశాను, ఆఫీసులో సాయంత్రం మిక్చర్, కారప్పూస, చక్కెర కాఫీ కొంచెం కొంచెం తింటూనే ఉండేదాన్ని, చిన్న పొట్టలో ముద్ద పప్పన్నం పట్టదు కానీ కారప్పూస ఎంతైనా పోతుంది, మాత్రలు కూడా ఆపేస్తే అరికాళ్ళు తిమ్మిర్లు మొదలయ్యాయి, టెస్ట్ చేస్తే బీ12 బాగా పడిపోయింది అన్నారు. ఆ తర్వాత నేను సుజాతని మళ్ళీ అడిగాను, మాత్రలు ఎందుకు అని. పేగు కొంత దారి తప్పింది, బీ12 పట్టుకునే పని పొట్టతోనే మొదలవుతుంది, తిండితో అంత రాదు, ఆపితే నరాలు దెబ్బతింటాయి అని ఆవిడే వరసగా చెప్పారు.

రిహార్సల్

నోట్‌బుక్‌లోంచి వచ్చిన ప్రశ్నలు చూస్తే ఆవిడ రోజులో ఏం కుదరదో కూడా తెలిసింది. వాటిలో పెద్దది నీళ్ళు. సర్జరీ తర్వాత గటగటా తాగలేరు, రోజంతా కొంచెం కొంచెం సిప్ చేస్తూ లీటరున్నర దాకా చేరాలి, తిండితో పాటు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. సర్జరీ అయినవాళ్ళు డీహైడ్రేషన్‌తో మళ్ళీ హాస్పిటల్‌కి రావడం చాలా మామూలు. సుజాత అయితే స్కూల్లో ఉన్నంతసేపూ నీళ్ళే తాగరు, స్టాఫ్ టాయిలెట్ ఇంకో ఫ్లోర్‌లో ఉంది, పీరియడ్ మధ్యలో వెళ్ళలేరు. పదిహేనేళ్ళ అలవాటు. ఇది ఏ బుక్‌లెట్‌లోనూ ఉండదు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి టైమ్‌టేబుల్‌లో వరస పీరియడ్లు విడగొట్టించుకుని, టేబుల్ మీద బాటిల్ పెట్టుకుని, సర్జరీకి చాలా ముందే ప్రాక్టీస్ మొదలెట్టారు. నెమ్మదిగా నమలడం కూడా అట్లాగే ముందే అలవాటు చేశాం, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత నొప్పి, నీరసం మధ్య కొత్త అలవాట్లు ఒక్కసారిగా రావు.

డైట్‌ని తియ్యదనం నుంచి కారం వైపు తిప్పాం. ఫ్లేవర్ లేని వే ప్రొటీన్ (పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి) తెచ్చి మజ్జిగలో కలిపి, జీలకర్ర, ఉప్పు, కరివేపాకు. చారులో కలపాలంటే పొయ్యి మీద ఉన్నప్పుడు వేస్తే ఉండలు కట్టి విరిగినట్టు అవుతుంది, దించి గోరువెచ్చగా అయ్యాక ముందు కొంచెం చారులో పేస్ట్ చేసుకుని తర్వాత మిగతాది పోయాలి. పల్చటి పెసరకట్టు, ఉడికించిన గుడ్డు తెల్లసొన, కూరగాయల సూప్. కేలరీలు అవే, నోటికి మాత్రం ఇంటి తిండి. ఈసారి రెండు వారాలూ పూర్తయ్యాయి.

అత్తగారి సంగతి రాయాల్సిందే. "కడుపు కోసి చిన్నది చేస్తే ఇంక ఏం తింటాదమ్మా అది, మా ఇంట్లో తినడానికి లేక చేయించినట్టు నలుగురూ అనుకోరా" అని నాతోనే అన్నారు. ఆవిడకి ప్రేమ చూపించే దారి వడ్డించడమే, దాన్ని వద్దంటే ఆవిడని పక్కన పెట్టినట్టు అవుతుంది. అందుకని "అమ్మా, మొదటి ఆరు వారాలు వంట మొత్తం మీ చేతిలోనే ఉంటుంది, చారు వడకట్టడం, కట్టు పల్చగా చెయ్యడం మీ కోడలికి చేతకాదు, మీరే చూడాలి" అని పని అప్పజెప్పాను. ఏ వారం ఏ చిక్కదనమో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాం. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించుకున్నారు, కొలత తప్పితే ఆవిడే ఒప్పుకోరు.

గురక విషయం కూడా ముందే తేల్చాం. స్లీప్ స్టడీలో గంటకి 38 సార్లు శ్వాస ఆగడమో తగ్గడమో జరుగుతోంది, 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా. మత్తు ఇచ్చేటప్పుడూ, తర్వాత మొదటి రాత్రులూ దీనివల్ల రిస్క్. నిద్రలో గాలి అందించే మెషిన్ మాస్క్ పెట్టుకోనని మొండికేశారు, కొన్ని రాత్రులు పెట్టుకున్నాక పొద్దున తలనొప్పి లేదని ఆవిడే ఫోన్ చేశారు. ఇన్సూరెన్స్‌కి కూడా ఈ రిపోర్ట్ పనికొచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన స్టాండర్డ్ రూల్స్ ప్రకారం బీఎంఐ 40 దాటినా, లేదా 35 దాటి తీవ్రమైన స్లీప్ ఆప్నియా, కంట్రోల్ కాని టైప్ 2 షుగర్, గుండె జబ్బు లాంటివి ఉండి వేరే పద్ధతులు ఫెయిలయినా డాక్టర్ సలహాతో చేసే సర్జరీని బరువు సర్జరీ అన్న కారణంతో తీసేయకూడదు. కానీ పాలసీ వెయిటింగ్ పీరియడ్ లాంటివి వేరే ఉంటాయి, అవి చూస్కోకుండా "వాళ్ళకి క్లెయిమ్ వచ్చిందంట" అని అడ్మిట్ కావద్దు.

సర్జరీ, ఆ తర్వాత

సర్జరీ నాటికి హెచ్‌బీఏ1సీ 7.6కి వచ్చింది, బరువు 102. బైపాస్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది, మూడో రోజు ఇంటికెళ్ళారు. ఐదో వారంలో తిన్నది తిన్నట్టు వాంతులు మొదలయ్యాయి, మరుసటి రోజు సాయంత్రానికి నీళ్ళు కూడా ఆగలేదు. ఇంటి పక్క క్లినిక్‌కి వెళ్తే గ్లూకోజ్ పెడతామన్నారు. సుజాత పర్సులోంచి మేమిచ్చిన కార్డు తీసి చూపించారు, బైపాస్ అయిన మనిషి, వాంతులుంటే గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ (విటమిన్ బీ1) ఇవ్వాలి అని అందులో రాసి ఉంటుంది. వాంతులతో బీ1 అయిపోయిన ఒంట్లోకి ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అక్కడి డాక్టర్ కార్డు చదివి మాకు ఫోన్ చేశారు, రాత్రికల్లా మా దగ్గరకి వచ్చేశారు. థయామిన్ ఇచ్చాక డ్రిప్ పెట్టాం, ఎండోస్కోపీ చేస్తే అతుకు దగ్గర దారి సన్నబడింది, బెలూన్‌తో వెడల్పు చేశారు. బైపాస్ తర్వాత మొదటి రెండు మూడు నెలల్లో వచ్చే సమస్యే ఇది, పేషెంట్ త్వరగా మా దగ్గరకి వస్తే సులువుగా సరైపోతుంది. పొద్దునదాకా ఎందుకు ఆగలేదు అని అడిగితే ఆ స్టీల్ గిన్నె ఆవిడ పేరే చెప్పారు.

దీని తర్వాత మా పద్ధతిలో కొన్ని మారాయి. గ్రూప్ మీటింగ్ ఉంది, కానీ కొత్తవాళ్ళని నేరుగా అందులో కూర్చోబెట్టట్లేదు, ముందు నోట్‌బుక్, తర్వాత వాళ్ళ ఆపరేషన్‌కీ జబ్బులకీ సరిపోయే ఒకరిద్దరు పాత పేషెంట్లు, ఆ తర్వాతే గ్రూప్. బరువు తిరిగి పెరిగినవాళ్ళని మళ్ళీ పిలుస్తున్నాం, వాళ్ళు చెప్పేది కొత్తవాళ్ళకి అవసరం, వాళ్ళకీ ట్రీట్‌మెంట్ మళ్ళీ మొదలవుతుంది. ఫారమ్‌లో ఎసిడిటీ ఉందా అని అడగడం మానేసి ఎన్ని దిళ్ళు వేస్కుంటారు, రాత్రి దగ్గు వస్తుందా, మెడికల్ షాపులో మీ అంతట మీరు కొనే బిళ్ళలేంటి అని అడుగుతున్నాం. వే ప్రొటీన్ చారు రెసిపీ తెలుగు, కన్నడ రెండిట్లోనూ ఇస్తున్నాం.

ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. సుజాత 72 కిలోలు, హెచ్‌బీఏ1సీ 6.1, ఒక్క మెట్‌ఫార్మిన్ మీద ఉన్నారు, రిఫ్లక్స్ మందు ఆగిపోయింది. జుట్టు నాలుగో నెలలో బాగానే ఊడింది, ఏడిచారు కూడా, ఏడాది తిరిగేసరికి కొత్త జుట్టు వచ్చింది. ఇంకా సరికానిది ఐరన్. నెలసరి ఉంది, బైపాస్‌లో ఐరన్ ఎక్కువగా పీల్చుకునే పేగు భాగమే తప్పిపోయింది, మాత్రలు వేస్కుంటున్నా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) తగ్గుతూ వచ్చింది, పోయిన నెల నరంలోకి ఎక్కించాం. ఐరన్‌కీ కాల్షియం సిట్రేట్‌కీ మధ్య రెండు గంటల గ్యాప్ స్కూల్ రోజుల్లో కుదరట్లేదన్నారు, అందుకని ఐరన్ పొద్దునకి ఉంచి కాల్షియంని సాయంత్రం ఇంటికొచ్చాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి అని మార్చాం. రెండు నెలల తర్వాత ఫెరిటిన్ మళ్ళీ చూస్తాం, పెరగకపోతే ఇంకోసారి ఎక్కించాలి, గైనకాలజిస్ట్‌కి కూడా చూపించాలి.